వంకాయలు ఎక్కడికీ ఎల్లిపోవు

లంజిపల్లి, బరంపురం
13 జూలై 2024

వదినా,

నువ్వు పుట్టింటికని పాత్రపూర్ బస్సెక్కి, నీ బదులు నేనిక్కడికి వచ్చి వారమైంది. "చేరింది" అని అన్నయ్య చెప్పాడు. మీ నాన్నగారి తుంటి ఎముక ఎలా ఉందని అడిగితే "బాగుంది" అన్నాడు. విరిగిన ఎముక బాగుండడమేమిటో ఆయనకే తెలియాలి. ఈ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసినందుకు నీకు వేరే సన్మానం చెయ్యాలి.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరాలేమిటని అనుకోకు. మొన్న మనం మాట్లాడుకున్నదంతా అమ్మ స్పీకర్లో పెట్టి మేడమీద వాళ్లక్కూడా వినిపించింది. నువ్వు మధ్యలో "మావయ్యకి చాదస్తం" అన్నావు. చెవిలో శంఖం ఊదినా వినపడని నాన్నకి ఆ ఒక్క మాటా శుభ్రంగా వినపడింది. అందుకే కాగితం. అన్నయ్య కొట్టు పనిమీద ఆదివారాలు మీ వైపు వస్తాడు కదా, మోసుకొస్తాడు. విప్పి చదువుతాడన్న భయం లేదు, ఆయన పెళ్లి శుభలేఖలే విప్పడు.

ఇక మన ఇంటి సంగతి. రాయ్‌పూర్‌లో బడి వైస్ ప్రిన్సిపాల్‌గా ఉన్నన్నాళ్లూ గంట కొడితే పిల్లలు పరిగెత్తడం చూశాను. ఇక్కడ గంట కొడితే నాన్న "ఎవరో వచ్చినట్టున్నారు, సూడు" అంటాడు. పొద్దున్నే లేస్తాడు. అంటే, లేచాడని మనం అనుకుంటాం. మంచం మీద కూర్చుని, కాళ్లు కిందికి దించి, చెప్పులవైపు చూస్తూ ఉంటాడు. అవి తనవో కావో తేల్చుకోవడానికి చాలాసేపు పడుతుంది. తర్వాత కాఫీ. చల్లారేదాకా ఊదుతాడు, చల్లారాక "సల్లారిపోనాదే" అని వెనక్కి పంపిస్తాడు. తర్వాత ఒడియా పేపరు. ఏ దేశం ఏ దేశం మీద పడిందో ఆయనకి అక్కర్లేదు. తిన్నగా పోయినవాళ్ల ఫొటోల పేజీకి వెళ్లి, తెలిసినవాడు ఒక్కడూ లేకపోతే కాస్త నిరాశపడతాడు.

అప్పుడు సంచీ పట్టుకుని బజారు. నాలుగు వంకాయల కోసం ఎండెక్కకముందు వెళ్లిన మనిషి భోజనాల వేళకి వచ్చాడు. ఇంత ఆలస్యమేమిటంటే, "వంకాయలు ఎక్కడికీ ఎల్లిపోవు కదే" అన్నాడు. వంకాయలు వెళ్లవు, నిజమే. నా ఆయుష్షు వెళ్లిపోతోంది.

అమ్మ ఇంకో రకం. మిషన్లో శుభ్రం చేసి సీలు వేసిన బియ్యం సంచీ విప్పి, చేటలో పోసుకుని, బాల్కనీలో కూర్చుని రాళ్లు వెతుకుతుంది. ఇంతవరకూ ఒక్క రాయీ దొరకలేదు. దొరక్కపోవడమే ఆవిడకి అనుమానంగా ఉంది.

అందుకని ఒక టైంటేబుల్ వేసి ఫ్రిజ్‌కి అంటించాను. నడక, మాత్రలు, భోజనం, విశ్రాంతి, అన్నీ వేళప్రకారం. నాన్న దాని ముందు నిలబడి కింది దాకా చదివి, "ఇది ఎవరికే?" అన్నాడు.

కంగారుపడకు. నువ్వు వచ్చేసరికి ఈ ఇంటికి ఒక పద్ధతి వస్తుంది.

నీ సంసారాన్ని చక్కదిద్దుతున్న
పద్మ


పాత్రపూర్
20 జూలై 2024

పద్మా,

ఉత్తరం చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఫ్రిజ్ తలుపు ఖాళీగానే ఉంది, దాని మీద ఒక టైంటేబుల్ అంటించాలని నాకు తట్టనేలేదు. చదువుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఆ కళే వేరు.

మావయ్య చెప్పులవైపు చూస్తారని రాశావు. వానాకాలం కదా, త్వరగానే తేలుస్తున్నారు. చలికాలంలో చూడాలి నువ్వు. అంత దిద్దాలని ఉంటే ఇద్దర్నీ రాయ్‌పూర్ తీసుకుపో తల్లీ, అక్కడే ఉంచేసుకో. నేను బుఢీ ఠాకురాణి అమ్మవారికి బస్తాడు కొబ్బరికాయలు కొట్టి, కాళ్లు చాపుకుని కూర్చుంటాను.

కూర్చోవడం అంటే గుర్తొచ్చింది. మా నాన్నకి ఆపరేషన్ అయింది గానీ ఇంకా నడవనివ్వట్లేదు. వీధి అరుగు మీద మంచం వేయించుకున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నాతో అనేది ఒకటే మాట, "కూకో". నీళ్లిస్తే కూకో, మందిస్తే కూకో. ఈ ఇంట్లో పెళ్లయ్యాక రెండు రాత్రులకి మించి ఉన్నదాన్ని కాదు, ఉన్నా వంటింట్లోనే. నాకు కూర్చోవడం రాదు పద్మా. చేతులు ఊరుకోవు. తుడిచిన వాకిలే మళ్లీ తుడుస్తుంటే, "ఆ వాకిలి అరిగిపోతాది గానీ, కూకో" అన్నాడు.

సరే కూర్చున్నాను. ఇంతగా పిలిచాడు కదా, ఏదో చెప్పాలనుకుంటున్నాడేమో అనుకున్నాను. ఏమీ లేదు. రోడ్డు మీద పోయే ట్రాక్టర్లు చూస్తాడు. ఏ ట్రాక్టరు ఎవరిదో చెప్తాడు. నేను అడగలేదు. కాసేపటికి అదే ట్రాక్టరు వెనక్కి వస్తుంది, మళ్లీ చెప్తాడు.

అమ్మ లోపల్నించి, "దాని కాళ్లు తిమ్మిరెక్కుతాయి, వదిలీ" అని అరుస్తుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు కాబట్టి లోకంలో అందరివీ అలాంటి మోకాళ్లేనని నమ్మకం.

నువ్వు దిద్దిన ఇల్లు చూడాలని ఉంది గానీ తొందరేమీ లేదు. బాగా ఆరనీ.

ప్రసన్న


లంజిపల్లి
3 ఆగస్టు 2024

వదినా,

నీ సలహా బాగుంది. రాయ్‌పూర్ సంగతి నాకే ముందు తట్టాల్సింది. అక్కడ మా ఇంటి కింద లిఫ్ట్ ఉంది, ఎదురుగా ఆసుపత్రి ఉంది. పవన్‌తో మాట్లాడాను. మా ఆయన దేనికీ కాదనడు, అది మన అన్నయ్యతో ఆయనకున్న ఏకైక పోలిక. దసరా వెళ్లగానే తీసుకెళ్లాలని చూస్తున్నాను. నీకు ఎన్నాళ్లకో విశ్రాంతి.

ఈలోగా వంటమనిషిని పెట్టాను. కూరగాయలు ఇంటికే వచ్చే ఏర్పాటు చేశాను, ఫోన్లో నొక్కితే గుమ్మంలోకి వస్తాయి. అమ్మానాన్నల ముఖాలు వెలిగిపోతాయనుకున్నాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, వంటమనిషి పోపు వేస్తున్నంతసేపూ చూసి, నా దగ్గరికొచ్చి, "ఏటే, నన్ను పనిలోంచి తీసీసినావా?" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడ్డం మానేసింది. కావలసినవి గోడకి చెప్తోంది. గోడ నాకు చెప్పాలి కాబోలు.

నాన్న అంతకన్నా గొప్ప పని చేశాడు. వచ్చిన వంకాయల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసి, పక్కన పెట్టి, నేను స్నానానికి వెళ్లగానే సంచీ తీసుకుని మాయమయ్యాడు. మేడమీద వాళ్లు, కిందవాళ్లు, అన్నయ్య కొట్లో కుర్రాళ్లు, అందరూ వెతికారు. నేను కంగారులో అన్నయ్యకనుకుని రెండుసార్లు పవన్‌కి ఫోన్ చేశాను. చివరికి పెద్దబజారులో దొరికాడు. కూరలమ్మే ఆవిడ పక్కన పీట వేయించుకుని, ఆవిడ కూతురికి ఖల్లికోట సంబంధం చెయ్యొచ్చా కూడదా అని ఒడియాలో తీర్పు చెప్తున్నాడట. ఆ ఎండలో, ఆ వయసులో. ఇకనుంచి గడప దాటడానికి వీల్లేదని చెప్పేశాను. సంచీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

నువ్వు ఇన్నాళ్లూ ఆయన్ని అలా ఒంటరిగా ఎలా వదిలావో నాకు అర్థం కాదు. పోనీలే.

నువ్వు మాత్రం ఇక్కడి గురించి బెంగపెట్టుకోకు. నువ్వు లేవని ఏదీ ఆగలేదు. వంట అవుతోంది, బట్టలు ఉతుకుతున్నారు, మాత్రలు వేళకి పడుతున్నాయి. ఇక్కడ నీ అవసరం ఏమీ లేదు. మీ నాన్నగారు లేచి తిరిగేదాకా హాయిగా అక్కడే ఉండు. ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

పద్మ


పాత్రపూర్
11 ఆగస్టు 2024

శ్రీమతి సాయిపద్మ గారికి,

తమరి ఉత్తరం అందింది. నా అవసరం ఏమీ లేదని మనస్ఫూర్తిగా రాసినందుకు కృతజ్ఞతలు. ఈ మాట నాతో ఎవరో ఒకరు పెళ్లయిన ఏడే చెప్పి ఉంటే ఎంత కాలం కలిసొచ్చేదో.

మావయ్యని ఒంటరిగా వదిలేశానని అన్నారు. నిజమే. బీరువా, తాళం రెండూ ఇంట్లోనే ఉన్నా సంచీని అందులో పెట్టాలని నాకు తోచలేదు. రాయ్‌పూర్ ప్రయాణం కూడా నిశ్చయమైనట్టుంది. సంతోషం. పెద్దవాళ్లని వాళ్ల కూతురు తీసుకెళ్తుంటే అడ్డం చెప్పడానికి నేనెవర్ని, బయటినుంచి వచ్చినదాన్ని. కొబ్బరికాయలు బస్తా ఎంతకిస్తారో మీ అన్నయ్యని కనుక్కోమన్నాను. ఆయన "సరే" అన్నారు. ఎందుకని అడగలేదు.

ఇక్కడ మా నాన్న కర్ర పట్టుకుని గుమ్మం దాకా వస్తున్నాడు. వచ్చి మళ్లీ మంచం మీదే. నిన్న తడిసిన వేరుశనక్కాయలు ఒక బుట్టెడు తెచ్చి మా మధ్య పెట్టించాడు. ఒలవడం మొదలెట్టాను. నా చెయ్యి వేగం మీకు తెలుసుగా. బుట్ట సగమయ్యేసరికి ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇది అయిపోతే నువ్వు లెగిసి ఎల్లిపోతావు. మెల్లగా ఒల్చు" అన్నాడు.

మెల్లగా ఒలిచాను. పొద్దువాలింది. నాట్లు వేసి వస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి, ఇంకా ఒలుస్తున్నారా అని నవ్వుకుంటూ పోయారు. తమరికి ఇవన్నీ చదివే తీరిక ఉండదని తెలుసు. మాత్రల వేళ దాటిపోతుందేమో, చూసుకోండి.

ఇట్లు,
లక్ష్మీప్రసన్న


లంజిపల్లి
25 ఆగస్టు 2024

వదినా,

"తమరు" ఏమిటి, "శ్రీమతి" ఏమిటి? ఏం తప్పు రాశానో నాకు అర్థం కాలేదు. నిన్ను విశ్రాంతి తీసుకోమన్నాను, అంతేగా. వదినకి కోపమొచ్చిందా అని అన్నయ్యని అడిగాను. "బాగానే ఉంది" అన్నాడు.

సరే, నువ్వు నవ్వుకోవడానికి బోలెడు ఉంది, విను. వంటమనిషి మానేసింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఏమీ అనకుండా చూడ్డం తను భరించలేనంది. తిట్టినా పడతానంది పాపం.

అది నవ్వొచ్చేది. నాన్న సంగతి నవ్వొచ్చేది కాదు. బయటికి వెళ్లొద్దన్న తర్వాత ఆయన ఒక్కమాట ఎదురు చెప్పలేదు. టైంటేబుల్ ప్రకారం లేచాడు, తిన్నాడు, పడుకున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. పేపరు విప్పలేదు. ఒకరోజు కాఫీ ఇస్తే తాగేశాడు. ఊదలేదు, వెనక్కి పంపలేదు. ఖాళీ గ్లాసు చేతికిచ్చి మళ్లీ గోడవైపు తిరిగాడు. నాకు భయమేసింది.

మర్నాడు బీరువా తీసి సంచీ నేనే పట్టుకుని, "నడు, బజారుకి" అన్నాను. ఆయన గోడవైపునుంచి ఇటు తిరిగి, "నీకు పని లేదా?" అన్నాడు. లేదన్నాను. ఆ మాట నా నోటివెంట రావడం అదే మొదలు.

వదినా, ఆ నడక గురించి నువ్వు నాకెందుకు చెప్పలేదు? వీధి మలుపులో ఆటోవాళ్లందరూ ఆయనకి దండం పెడతారు, ఒక్కొక్కడి ఇంటి కష్టం ఒక్కొక్కటి. ఇస్త్రీ బండి దగ్గర ఒకసారి కూర్చోవాలి, ఎందుకంటే ఇస్త్రీవాడి తండ్రి నాన్నకి తెలుసు. తండ్రి పోయి చాలాకాలమైంది, అయినా కూర్చోవాలి. అప్పడాల కొట్టు ముందు నిలబడి ఎండబెట్టిన అప్పడం ఒకటి ఎత్తి ఎండకి అడ్డం పెట్టి చూశాడు. నాకూ చూపించాడు. పల్చగా, లోపలి మిరియం నల్లగా, ఆ చుట్టూ వెలుగు. కొనలేదు. చూసి పెట్టేశాడు. నాకు లోపల ఉడికిపోతోంది, అప్పటికే రెండు పీరియడ్ల కాలం గడిచిపోయింది.

బజారులో కూరలావిడ నన్ను చూసి, "బొడొ బొహూ కాదా, ఈవిడెవరు?" అంది. పెద్దకోడలు అంటే నువ్వే. కూతుర్నని చెప్పాను. "కూతురు కూడా ఉందా" అని ఆశ్చర్యపోయింది. నాన్న వంకాయని కొనేముందు తొడిమ దగ్గర బొటనవేలితో రాస్తాడు, చెవి దగ్గర పెట్టి వేలితో కొడతాడు. ఏం వినపడుతుందని అడిగాను. "ఏటీ వినపడదు. ఆవిడ ముచ్చట వినాలంటే ఏదో ఒకటి సెయ్యాలి కదా" అన్నాడు.

ఇప్పుడు రోజూ వెళ్తున్నాం. నిన్న వానపడి నడక మానేస్తే సాయంత్రందాకా నాకే ఏమీ తోచలేదు. టైంటేబుల్ పీకేశాను. అమ్మ నాతో మాట్లాడుతోంది, అంటే తిడుతోంది.

ఒక్కమాట. వీళ్లతో ఇంత ఓపికగా, ఇంత పేరు తెచ్చుకుని, ఇన్నేళ్లు ఎలా ఉన్నావో నాకు ఇప్పుడు తెలుస్తోంది. నీ అంత గొప్ప మనిషిని నేను చూడలేదు. రోజూ పొద్దున్న నాన్న "ప్రసన్న ఏదీ?" అంటాడు.

పద్మ


పాత్రపూర్
7 సెప్టెంబరు 2024

సాయిపద్మ గారికి,

వినాయకచవితి శుభాకాంక్షలు. వెటకారంలో నాకే కాస్త పేరుందనుకునేదాన్ని. "నీ అంత గొప్ప మనిషిని చూడలేదు" అన్న వాక్యం చదివాక ఆ పేరు తమరికే అప్పజెప్పేశాను. నా వల్ల కాదు.

మొదటేమో మావయ్యని ఒంటరిగా వదిలేశానన్నారు. ఆ తర్వాత నా అవసరమే లేదన్నారు. ఇప్పుడు గొప్పదాన్నంటున్నారు. అంతలోనే మీ అన్నయ్య వచ్చి, దసరా మర్నాటికి రాయ్‌పూర్‌కి రైలు టికెట్లు తీశారని చెప్పారు. ఆయన నోటంట అంత పొడుగు వాక్యం రావడం చూసి నిజమేననుకున్నాను. కాబట్టి ఈ పొగడ్తంతా సాగనంపే ముందు కప్పే శాలువా అని అర్థమైంది. తీసుకెళ్లండి. నేను దసరా దాకా ఇక్కడే ఉంటాను. ఖాళీ ఇంటికి తొందరగా వచ్చి చేసేదేముంది.

మావయ్య "ప్రసన్న ఏదీ" అంటున్నారంటే కళ్లజోడు కనపడట్లేదని అర్థం. ఆయన వస్తువులు పోయినప్పుడు అలాగే పిలుస్తారు. దేవుడి గూట్లో, కుంకుమ భరిణె వెనకాల చూడండి.

మా నాన్న ఈమధ్య అన్నం సరిగా తినట్లేదు. కాలు బాగైంది, మనిషే తగ్గుతున్నాడు. డాక్టర్ వయసు అన్నాడు. ఆయనతో కూర్చోవడం నాకు అలవాటైపోయింది. ఏ ట్రాక్టరు ఎవరిదో ఇప్పుడు ఆయనకంటే ముందు నేనే చెప్తున్నాను. నిన్న ఒకటి తప్పు చెప్పాను. చాలా సంతోషించాడు.

లక్ష్మీప్రసన్న


లంజిపల్లి
15 సెప్టెంబరు 2024

వదినా,

కళ్లజోడు కుంకుమ భరిణె వెనకాలే ఉంది. కానీ దొరికిన మర్నాడు కూడా "ప్రసన్న ఏదీ" అన్నాడు. కళ్లజోడు ముక్కుమీదే ఉంది. ఇప్పుడేమంటావు?

మనిద్దరికీ ఒక ఒప్పందం. ఇకనుంచి వెటకారంగా రాసిన ప్రతి మాట కింద గీత గీద్దాం. గీత లేకపోతే ఆ మాట మామూలు మాటే. నిన్ను గొప్పదానివన్న దగ్గర గీత లేదు, కావాలంటే ఉత్తరం తీసి చూసుకో. రాయ్‌పూర్ తీసుకుపో అని నువ్వు రాసిన దగ్గర గీత గీసి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. కొబ్బరికాయల్ని కూడా నేను నిజమనే అనుకున్నాను. పిల్లలు రాసింది రాసినట్టు దిద్దిన దాన్ని, ఏం చెయ్యను.

టికెట్లు తీసిన మాట నిజం, ఆగస్టు మొదట్లో. అప్పటికి నేనింకా సంచీకి తాళం వేసే దశలో ఉన్నాను. మొన్న అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి చెప్పాను. అమ్మ లోపలికి వెళ్లి చేటలో బియ్యం పోసుకుంది. నాన్న పేపరు మడతపెట్టాడు.

"అక్కడ నాకెవడు తెలుసే? పేపర్లో పోయినోళ్ల ఫొటోలు సూసినా ఒక్కడూ మనోడు ఉండడు" అన్నాడు.

టికెట్లు రద్దు చేశాను. ఆ సంగతి అన్నయ్యకి చెప్పాను, నీకు చెప్పలేదూ? అడుగుతుంటే "నువ్వు చెప్పమన్లేదు" అంటున్నాడు. ఈ పోస్ట్‌మాన్‌ని మార్చాలి.

అమ్మ పక్కన నేనూ చేట పట్టుకుని కూర్చున్నాను. రాళ్లు లేవని ఆవిడకీ తెలుసునట. "మరెందుకు?" అన్నాను. "సెయ్యి ఆడితే నోరు ఆడతాది" అంది. ఆ పూట తన పెళ్లి గురించి, నేను పుట్టిన ఏడు వచ్చిన తుపాను గురించి, ఎన్నడూ వినని సంగతులు చెప్పింది. కూర మాడింది. ఎవరూ లేవలేదు.

నువ్వు ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు రా. నీ అవసరం ఈ ఇంట్లో చాలా ఉంది. కానీ మీ నాన్నగారు తినట్లేదని రాశావు. అక్కడే ఉండు. గీత లేదు, చూసుకో.

పద్మ


పాత్రపూర్
8 అక్టోబరు 2024

పద్మా,

నాన్న పన్నెండోరోజున నువ్వూ, అత్తయ్యా, మావయ్యా వచ్చారు. ఆ జనంలో మనిద్దరం సరిగా మాట్లాడుకోలేదు. నువ్వు వంటశాల దగ్గర విస్తళ్లు అందిస్తూ మా బంధువులందర్నీ వరసలో నిలబెట్టడం చూశాను. ఆ ఏడుపులో కూడా నవ్వొచ్చింది.

ఆయన వెళ్లిపోయిన రోజు సంగతి నీకు చెప్పాలి. నీ ఉత్తరం వచ్చి వారం కాలేదు. మధ్యాహ్నం వాన పెద్దదైంది. జల్లు మంచం దాకా కొడుతోంది. లోపలికి జరుపుతానంటే, "ఉండనీ, సల్లగుంది" అన్నాడు. నేను పక్కన పీట మీద కూర్చున్నాను. వానకి రోడ్డు మీద ఒక్క బండీ లేదు. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. ముఖ్యమైన మాటేదైనా చెప్తాడేమోనని అంతకుముందు నెలలనుంచీ చూస్తున్నాను కదా. చెప్పలేదు. "ఈ వాన సేనుకి మంచిదే" అన్నాడు. నేను అవునన్నాను. వాన తగ్గాక అమ్మ టీ తెచ్చింది. నేను భుజం కదపకుండానే, టీ తాగు నాన్నా అన్నాను. అప్పటికే లేడు.

తమ్ముడు జగ్గారావు సూరత్ నుంచి వచ్చేసరికి మర్నాడు సాయంత్రమైంది. వాడు అరుగు మీద కూర్చుని, "నాన్న ఏటి సెప్పాడు, నా గురించి ఏటైనా సెప్పాడా" అని అడుగుతూనే ఉన్నాడు. ట్రాక్టరు కొనాలన్న వాడి కోరిక గురించి నాన్న రోజూ చెప్పేవాడని అబద్ధమాడాను.

ఇంకోమాట. ఆగస్టులో కట్టు విప్పాక నాన్న నడుస్తాడని డాక్టర్ చెప్పగానే నేను వచ్చేద్దామనుకున్నాను. బట్టలు సర్దేశాను. సరిగ్గా అప్పుడు, నా అవసరం లేదని నువ్వు రాసిన కాగితం వచ్చింది. ఒళ్లు మండి, సర్దిన బట్టలన్నీ తీసి మళ్లీ దండెం మీద వేశాను. రానే రానని కూర్చున్నాను. ఆ వేరుశనక్కాయలూ, ఏ ట్రాక్టరు ఎవరిదో ఆయనకంటే ముందు నేను చెప్పడమూ, ఆ వానా అన్నీ ఆ తర్వాతే. నువ్వు మంచిగా రాసి ఉంటే నేను అవేవీ చూసేదాన్ని కాదు.

కాబట్టి పద్మా, ఆ రోజులన్నీ నీ పొగరు పుణ్యం. ఇంత పొగరున్న ఆడపడుచు అందరికీ దొరకదు. కింద గీత గీయలేదు.

అమ్మ సంగతే తేలట్లేదు. తమ్ముడు సూరత్‌లో ఒక్క గదిలో నలుగురితో ఉంటాడు, తీసుకెళ్లలేడు. తను ఒక్కర్తీ ఉండగలనంటుంది. మోకాళ్లు పట్టుకుని అంటుంది. మీ అన్నయ్యని అడగడానికి నాకు నోరు రావట్లేదు. అడిగితే "సరే" అంటారు. అది చాలదు.

ప్రసన్న


లంజిపల్లి
14 అక్టోబరు 2024

వదినా,

దసరా వెళ్లింది. పవన్ రాయ్‌పూర్ నుంచి ఫోన్ చేసి, పప్పు చెయ్యడం వచ్చేసిందని గొప్పగా చెప్పాడు. అయితే నేను లేకపోయినా ఏదీ ఆగలేదన్నమాట అన్నాను. ఆయన అవునన్నాడు, పాపం మనస్ఫూర్తిగానే. నాకు ఒళ్లు మండింది. అప్పుడు అర్థమైంది నీ "శ్రీమతి" ఎక్కణ్ణించి వచ్చిందో. కార్తీకం అయ్యేదాకా ఇక్కడే ఉంటానని చెప్పేశాను.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. మీ నాన్నగారు పోయిన భాగం కాదు, మీ అమ్మ గురించి రాసిన ముక్క. కాసులమ్మగారు ఇక్కడికి రావచ్చు కదా అన్నాను. నేనే పెద్ద ఉదారంగా అంటున్నాననుకున్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. పన్నెండోరోజే ఆ మాట ఆవిడతో అనేసిందట. మీ అమ్మ ఒప్పుకోలేదట. కూతురి ఇంట్లో కూర్చుని తినడం తమ వంశంలో లేదందట.

"మరి నువ్వేమన్నావు?" అని అడిగాను.

"కూతురింటికి ఎవరు రమ్మన్నారు? ఇల్లు నాది. నా ఇంటికి సుట్టంగా రా, అన్నాను. ఆలోసిస్తానంది."

అంతసేపూ నాన్న పేపరు చాటున ఉన్నాడు. వినపడట్లేదనుకున్నాం. పేపరు దించి, మీ నాన్నగారి గురించి ఒక్కమాట అన్నాడు. "ధర్మలింగం మంచి వంకాయ ఎరిగినోడు." నాన్న దగ్గర అంతకు మించిన బిరుదు లేదు. తర్వాత లేచి బాల్కనీ కిటికీ పక్కనున్న తన పడక కుర్చీని తనే ఈడ్చుకెళ్లి హాల్లో వేసుకున్నాడు. ఎందుకన్నాను. ఆవిడకి మోకాళ్లు బాగోవు కదా, గాలి తగిలేచోట మంచం వెయ్యాలి, ఇది అడ్డం అన్నాడు. ఆ కుర్చీని అంగుళం జరిపితేనే ఇల్లంతా ఎగిరిపోయేలా అరిచే మనిషి.

అన్నయ్యని నేనే అడిగాను. "సరే" అన్నాడు. చాలదని చెప్పాను. అప్పుడు "మంచం నేను కొంటాను. ఎత్తు తక్కువది, ఆవిడకి దిగడానికి వీలుగా" అన్నాడు. ఆయనకి ఇన్ని మాటలు వచ్చునని నాకు తెలీదు. నీకు తెలుసేమో.

మాసికం అయ్యాక తీసుకురా. మా అమ్మకి నామీద విసుగొచ్చేసింది. దెబ్బలాడుకోవడానికి తన వయసు మనిషి కావాలంటోంది.

పద్మ


పాత్రపూర్
29 అక్టోబరు 2024

పద్మా,

మాసికం జరిగింది. అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకున్నట్టు చెప్పలేదు, తన మేకని పక్కింటి పైడన్నకి అప్పజెప్పి దాని తిండి గురించి అరపూట ఉపదేశం చేసింది. దాన్నిబట్టి తెలుసుకున్నాను.

షరతులున్నాయి. తను చుట్టమే గానీ ఉండిపోయే మనిషి కాదు. పొద్దున్న కాఫీ తనే పెట్టుకుంటుంది. మావయ్య ఎదురుగా మంచం మీద కూర్చోదు. ఇక్కడి ఇంటి తాళం చెవి తన కొంగునే ఉంటుంది, ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు వచ్చేస్తుంది. అన్నిటికీ సరే అన్నాను. మీ అన్నయ్య దగ్గర నేర్చుకున్నాను.

సోమవారం బయల్దేరుతున్నాం. ఆయన కారు పంపిస్తానంటే అమ్మ వద్దంది. బస్సులోనే వస్తుందట. దారి కాకపోయినా దిగపహండిలో దిగాలట, అక్కడ ఎర్రమ్మ పిన్ని ఉంది, ఆవిడ కళ్లు సరిగా కనపడవు, చూసి చాలాకాలమైంది. ఒక పూట కూర్చుంటుందో, రెండు రోజులు కూర్చుంటుందో తెలీదు. నేను కూడా పక్కన కూర్చుంటాను.

కాబట్టి వీధి మలుపులో నిలబడి బస్సులు లెక్కపెట్టకు. అన్నానికి ఆగకండి, తినేసి పడుకోండి. ఏ రోజు, ఏ బస్సుకి చేరతామో నన్ను అడగొద్దు.

మెల్లగా వస్తాం.

ప్రసన్న